వ్యాను ఆగే చోటు

ఇరవై రెండేళ్లు ఈ ఊరి చెత్త మోశాను.
సెతూబల్ మునిసిపాలిటీ లారీ, నంబరు ఏడు.
నడుము పట్టేశాక
తెల్ల వ్యాను తాళాలు చేతిలో పెట్టి
"ఇది తేలిక పని, అడెలీనూ" అన్నారు.

తేలికే.
రేవు గోడ పక్కన బండి ఆపాలి,
వెనక తలుపు తియ్యాలి,
నర్సు ఫిలొమెన కాళ్ల దగ్గర హీటరు పెట్టాలి,
ఆ తర్వాత ఏమీ చూడనట్టు కూర్చోవాలి.

ముందుగా వచ్చేది ఎప్పుడూ జసింతు.
ఇద్దరం ఒకే బెంచీ మీద చదువుకున్నాం,
ఒకే గోడ దూకాం.
సార్డీన్ల ఫ్యాక్టరీ మూసేసిన ఏడు
అతని చేతులకు పని పోయింది,
నరాలకు దొరికింది.

చిన్న ప్లాస్టిక్ గ్లాసులో మెథడోన్.
గుటక వేసి, నోరు తెరిచి చూపిస్తాడు
పంతులికి పలక చూపించినట్టు.
వాడిన సూదులు పసుపు డబ్బాలోకి,
కొత్తవి కాగితం సంచిలో.
ఫిలొమెన ఎవరి పేరూ అడగదు.
పుట్టిన సంవత్సరం, తల్లి పేరులో మొదటి అక్షరం, అంతే.
ఆ అక్షరం దగ్గరే
చాలామంది గొంతు కాస్త తగ్గుతుంది.

మార్చిలో పేచీ మొదలైంది.
రొట్టెల కొట్టు దోనా ఎర్మెలిండా
నూట పద్నాలుగు సంతకాలు పోగేసింది.
బండి ఉండొద్దని కాదు,
ఇక్కడ ఉండొద్దని.

కౌన్సిల్ హాలుకి నన్నూ పిలిచారు.
టై కట్టుకున్న ఒకాయన మ్యాపు మీద వేలు పెట్టి
శ్మశానం వెనక ఖాళీ జాగా చూపించాడు.
బస్సు వెళ్లదు, దీపం లేదు.
"కావలసినవాళ్లు నడుస్తారు" అన్నాడు.

నేను డ్రైవర్ని.
మాట్లాడమంటే డీజిలు గురించి మాట్లాడగలను.
అయినా లేచాను.
"అయ్యా, చెత్త సంచుల్లోంచి
మూడుసార్లు సూది నా అరచేతిలో దిగింది.
మూడుసార్లూ రక్తం పరీక్షకిచ్చి
మా ఆవిడ పక్కన కాకుండా సోఫాలో పడుకున్నాను.
ఈ బండి తిరగడం మొదలయ్యాక
మా కుర్రాళ్లెవరికీ ఒక్కటీ దిగలేదు.
నాకొచ్చిన లెక్క ఇదొక్కటే."

ఎవరో దగ్గారు.
వచ్చే నెలకి వాయిదా వేశారు.

బయటికొస్తుంటే గుమాస్తా అర్జీ నకలు ఇచ్చాడు.
మెట్ల మీద కూర్చుని ఒక్కో పేరూ చదివాను,
రేపటి నుంచి ఎవరికి నమస్కారం పెట్టకూడదో తేల్చుకుందామని.
అరవై ఒకటో వరస.
వల ముడిలా బిగించి రాసిన అక్షరాలు.
జసింతు ద లూజ్ ఫ్రగోజు.

మా బండికి ఎన్నడూ ఇవ్వని పూర్తి పేరు
ఆ కాగితానికిచ్చాడు.

మర్నాడు అడగకూడదనుకుంటూనే అడిగాను.
గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని,
రొట్టెల కొట్టు వైపు చూశాడు.
"ఎనిమిదిన్నరకి మా పిల్ల ఈ దారినే బడికెళ్తుంది.
నేను నోరు తెరిచి నిలబడి ఉంటాను.
శ్మశానం దాకా నడవగలను, అడెలీనూ.
దానికంటే దూరాలు నడిచాను."

నా దగ్గర మాట లేదు.
హాల్లో అంత పొడుగ్గా మాట్లాడింది
ఎవరి తరఫునో అప్పుడు తెలియలేదు నాకు.

వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి.
తీర్మానం ఎటు తేలుతుందో దేవుడికెరుక.
నా చేతిలో ఉన్నది స్టీరింగే కదా,
ఆ గురువారం నుంచి బండిని తిప్పి ఆపుతున్నాను,
ముక్కు వీధి వైపు, వెనక తలుపు నీళ్ల వైపు.
రివర్సు తియ్యడం కష్టమే, గోడకి జానెడు సందు.
ఫిలొమెన చలి అంటుంది,
ఏటిగాలి సూటిగా లోపలికి కొడుతోందని గొణుగుతుంది.
రెండో హీటరుకి అర్జీ పెట్టాను.

జసింతు గుటక వేస్తాడు.
సాదో నది వైపు నోరు తెరుస్తాడు.
అవతల ఒడ్డుకి పడవ బయల్దేరుతుంటుంది,
అందులోవాళ్లు ఎవరూ ఇటు చూడరు.
వెనక వీధిలో, బండికి అటువైపు,
బడి సంచి గొలుసు చప్పుడు దగ్గరికొచ్చి
దాటిపోయేదాకా
అతను నోరు మూయడు.